వెంగమ్మ పశ్చాత్తాపానికి కావలసిన సామగ్రి

రాళ్లమిట్ట వెంగమ్మ సారా వ్యాపారం సముద్రాలు దాటిందన్న సంగతి ముందుగా కనిపెట్టింది ఎదురింటి నాగరత్తమ్మ. ఆమె చెప్పిందంటూ పాలకేంద్రం దగ్గర అనుకున్న మాట ఏమిటంటే, వెంగమ్మ కూతురు మల్లీశ్వరి కాపురముండే మంచుదేశంలో ఒక పెద్ద అధికారి వెంగమ్మ ఫొటో ముందు పెట్టుకుని, ఈ మనిషి విమానం దిగిందంటే మా జనమంతా పనులు మానుకుని తూలుతూ తిరుగుతారని బెంగపెట్టుకున్నాడట. పద్నాలుగు కేసులున్నాయట. అంత చరిత్ర ఉండి కూడా ఏమీ ఎరగనట్టు పొద్దున్నే వచ్చి మన దొడ్లో కరివేపాకు తుంచుకుపోతుంది చూడండి, అని కూడా అన్నదట.

ఆ పద్నాలుగులో రెండు నాగరత్తమ్మవే. ఆ ముక్క మాత్రం ఆమె అన్నట్టు ఎవరూ చెప్పలేదు.

రాళ్లమిట్ట పద్ధతి తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. ఆ ఊళ్లో సారా కాసేవాడు సింగయ్య ఒక్కడే. మిట్ట వెనక తుమ్మల్లో అతని బట్టీ. అది ఊరందరికీ తెలుసు, ఎక్సైజు స్టేషనుకు ఇంకా బాగా తెలుసు. అయితే నెలకిన్ని కేసులు రాయాలని స్టేషనుకు పైనుంచి లెక్క వస్తుంది. ప్రతినెలా సింగయ్యనే పట్టుకుంటే అతను విసుగెత్తి ఊరొదిలి పోతాడు. అతను పోతే సారా ఉండదు. సారా లేకపోతే కేసులుండవు. కేసులు లేని చోట స్టేషనెందుకని దాన్ని ఎత్తేస్తారు. కనుక సారా నిర్మూలన నిరాటంకంగా సాగాలంటే సింగయ్యను కంటికి రెప్పలా చూసుకోవడం శాఖకు తప్పనిసరి అయింది.

అందుకని ఎక్సైజు హెడ్డు ఓబులేసు ఊరివాళ్లతో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. కాలవనీళ్లకు వంతులున్నట్టే కేసులకూ వంతులు. వంతు వచ్చిన ఇంటి నుంచి ఒక మనిషి పేరివ్వాలి. పేరిచ్చిన మనిషి ఓబులేసు వెంట టౌనుకు పోయి, కోర్టులో ‘ఒప్పుకుంటన్నానయ్యా’ అని, సింగయ్య పంపిన జరిమానా కట్టి, కోర్టు లేచేదాకా బల్లమీద కూర్చుని, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. దీనికి ఊరు పెట్టుకున్న ధర్మం ఒకటుంది. పేరిచ్చిన మనిషి పని ఆ రోజు ఆగకూడదు. సొంత వంతయితే ఇరుగుపొరుగు, బదులయితే ఎవరి వంతుకు పోయారో వాళ్లు వచ్చి ఆ మనిషి మిరపకాయలు కోయాలి, గేదెను తోలుకురావాలి, పిల్లలకు అన్నం పెట్టాలి. ఈ ధర్మం తప్పినవాళ్లను మాత్రం ఊరు క్షమించదు.

మొగుడు పోయిన ఏడు వెంగమ్మ ఇంటికి వంతు వచ్చింది. పోయింది. కోర్టులో ఫ్యాను ఉంది. పని చెప్పేవాళ్లు లేరు. ఓబులేసు పూరీలు పెట్టించాడు. వెంట తీసుకుపోయిన చింతపండుకు గింజ తీసుకుంటూ కూర్చుంటే పొద్దు ఇట్టే గడిచింది. ఇంటికొచ్చేసరికి చేను తను కోసుకునేదానికన్నా నేర్పుగా కోసి ఉంది. ఆ తర్వాత ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్లిచూపులున్నా వాళ్ల బదులు వెంగమ్మే పోయేది. ఒంటరి ఆడది చేను నిలబెట్టుకుని, కూతుర్ని నర్సు చదివించుకున్నదంటే ఆ బదుళ్ల చలవే. సారా ఎట్లా కాస్తారో ఆమెకు తెలియదు. ఆ వాసన వస్తేనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

మల్లీశ్వరి నర్సుగా మంచుదేశం పోయి, అక్కడే ఒక మంచి పిల్లాణ్ణి చేసుకుని స్థిరపడింది. ఇప్పుడు ఆమెకు ఆరోనెల. తల్లిని తన దగ్గరికి రప్పించుకోవచ్చని అక్కడి రూలు. దరఖాస్తు పెట్టింది.

ఆ పిల్ల తొందరకు కారణముంది. పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే ఆ చుట్టుపక్కల వెంగమ్మ తర్వాతే ఎవరైనా. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్లమీద వేసుకుని ఆముదం రాసి, కాలూచెయ్యీ సాగదీసి వేణ్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టిందంటే ఎంత గుక్కపట్టే బిడ్డయినా పొద్దు తిరిగేదాకా కన్ను తెరవదు. ఊళ్లో కాన్పయితే డాక్టరు కన్నా ముందు ఆమెకే కబురు.

‘ఇక్కడ పిల్లల్ని తడికాగితంతో తుడుస్తారమ్మా’ అంది మల్లీశ్వరి ఫోన్లో.

‘తుడవటానికి అదేమన్నా అరుగా’ అంది వెంగమ్మ. ఆ మాటతో ఆమె ప్రయాణం ఖాయమైంది.

తర్వాత పోలీసు ధ్రువపత్రం అడిగారు. అది అన్ని వివరాలతో ముద్దుగా అచ్చయి వచ్చింది. మళ్లీ ఫోను.

‘అమ్మా, నీ మీద పద్నాలుగు సారా కేసులున్నాయంటన్నారే.’

‘ఉండవా మరి? ఆ రోజుల్లో నువ్వు అందరిళ్లల్లో అన్నం తిన్లా?’

‘నువ్వు కూలికి పోతన్నావనుకున్నా.’

‘కూలే గదే అది.’

మంచుదేశం వాళ్లు నిర్దయులు కారు. శిక్ష పడిన తల్లిదండ్రుల కోసం వాళ్ల దగ్గర ‘పరివర్తన విభాగం’ అని ఒకటుంది. నేరం చేసి, పశ్చాత్తాపపడి, మారినవాళ్లను పరీక్షించి రానిస్తుంది. టౌనులోని వీసా కేంద్రంలో వెంగమ్మను ఒక తెర ముందు కూర్చోబెట్టారు. తెరమీద గులాబీరంగు మొహంతో అధికారి. ఆ మూల చిన్న గడిలో, ఆయన మాటను తెలుగు చెయ్యడానికి దుబాసీ అమ్మాయి. పాపం అక్కడే పుట్టి పెరిగి, తెలుగును తాతగారి దగ్గర నేర్చుకున్నట్టుంది.

‘అధికారివర్యులు మీకు స్వాగతము పలుకుచున్నారు. మీరు చేసిన నేరముల పట్ల మీరు పశ్చాత్తాపము అనుభవించుచున్నారా?’

‘చెయ్యలేదమ్మా. పేరిచ్చా, అంతే’ అని వెంగమ్మ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. వంతులు, పూరీలు, మిరపకాయలు, చింతపండు. ఆ పిల్ల అంతా తర్జుమా చేసింది. పూరీ దగ్గర కొంచెం కష్టపడింది.

అధికారి దయగా తల ఊపాడు.

‘ఇట్టి నిరాకరణ పశ్చాత్తాపమునకు ముందుదశలో సహజమని వారు సెలవిచ్చుచున్నారు. కాని ఒక చిక్కు కలదు. ఈ విభాగము మారిన నేరస్థుల కొరకు ఏర్పడినది. నేరమే చేయనివారికి మారుటకు ఏమియు ఉండదు. కావున మీరు నిర్దోషి అయినచో మీ దరఖాస్తు చెల్లదు.’

‘అట్టయితే నేరం చెయ్యనోళ్లను చూసే ఆఫీసుకు పంపిచ్చు తల్లీ.’

‘శిక్ష పడిన నిర్దోషులకు విభాగము లేదు. పైగా మీరు న్యాయస్థానమున పద్నాలుగు పర్యాయములు అసత్యముగా ఒప్పుకొనియున్నచో, అది వేరొక నేరము. దానికి వేరొక విభాగము కలదు.’

‘అక్కడ తొందరగా తేలుద్దా?’

‘ఆ విభాగమునకు అధికారిని ఇంకను నియమించలేదు.’

ఆలోచించుకోవడానికి ఆమెకు గడువిచ్చి, ధైర్యం చెప్పి తెర ఆర్పేశారు.

ఈ సంగతి విన్న ఓబులేసు అదే పూట బండేసుకుని వచ్చాడు. ఆ పద్నాలుగు కేసులూ తన సర్వీసులో రత్నాలు. రిటైరయ్యేముందు పతకానికి తన పేరు పైకి పోయి ఉంది.

‘అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, చెయ్యలేదని మాత్రం చెప్పమాక. ఒప్పుకో. మనకేమన్నా కొత్తా?’

‘అక్కడ ఒప్పుకుంటే చాలదంట అబ్బయా. ఏడవాలంట.’

‘ఏడుద్దాం. నేను కూడా వస్తా.’

రెండోసారి వెంగమ్మ చక్కగా ఒప్పుకుంది. అధికారి మొహం వెలిగింది. ఆ వెలుగులోనే ఆయన తర్వాతి ప్రశ్న వేశాడు.

‘మీరు మద్యమును ఏ విధముగా తయారుచేసెడివారో వివరింపుడు.’

వెంగమ్మ ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు పైకప్పు వైపు చూశాడు. పదకొండు మండలాల్లో సారా పట్టిన మనిషి, అది ఎట్లా కాస్తారో అతనికీ తెలియదు.

‘ఏముందమ్మా, బెల్లం నీళ్లలో ఏసి మరగబెట్టేదే.’

‘ఎంత కాలము ఊరబెట్టెదరు?’

‘ఒక పూట.’

‘అది పానకమని అధికారివర్యులు అభిప్రాయపడుచున్నారు.’

పశ్చాత్తాపంలో పట్టు లేదని తేలింది. విడిచిపెట్టిన విద్య అసలు వచ్చునో రాదో తెలియకుండా, విడిచిపెట్టినట్టు ఎట్లా ధ్రువీకరించగలం అని వాళ్ల వాదన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఈత రానివాడు నేను చెరువులోకి దిగడం మానేశానంటే ఎవరు మెచ్చుకుంటారు? స్థానిక శాఖవారు ఆమె నేరనైపుణ్యాన్ని కళ్లారా చూసి ధ్రువపత్రమివ్వాలి. ఆ తర్వాత ఆమె ఆ నైపుణ్యాన్ని వదులుకోవాలి. వదులుకున్నట్టు మరొక పత్రం.

ఓబులేసు పైకి రాశాడు. పైవాళ్లు ఇంకా పైకి రాశారు. రాళ్లమిట్టకు వచ్చిన ఉత్తర్వులో ఇట్లా ఉంది: ‘సారా రహిత సమాజ స్థాపన దిశగా, పూర్వ నేరస్థురాలి నైపుణ్య నిర్ధారణ నిమిత్తము, శాఖాపరమైన పర్యవేక్షణలో ఒక ప్రదర్శనాత్మక బట్టీని నెలకొల్పవలెను. బెల్లము, తుమ్మచెక్క, కుండలు నిబంధనల ప్రకారము మూడు కొటేషన్లు పిలిచి కొనవలెను. శాఖలో తగిన సిబ్బంది లేనందున బాహ్య నిపుణుని సేవలు వినియోగించుకొనవలెను.’

బాహ్య నిపుణుడు సింగయ్య. బట్టీ పెట్టిన ఇన్నేళ్లలో సర్కారు జీపు తనకోసం వచ్చి, తలుపు తెరిచి పట్టుకుని, కూర్చోమనడం అదే మొదలు. తువ్వాలు దులిపి భుజానేసుకుని ఎక్కాడు.

‘ఇన్నేళ్లుగా నా పేరు చెప్పుకుని కోర్టులన్నీ తిరిగావు. ఏనాడన్నా బట్టీ కాడికొచ్చి, మామా ఇదెట్టా చేస్తావని ఒక్క మాట అడిగావా’ అన్నాడు వెంగమ్మతో.

‘నీ పేరు కాదయ్యా మామా, నా పేరు. నువ్వు తుమ్మల్లో చల్లగా ఉంటివి.’

‘సర్లే. ముక్కు మీద కొంగు తియ్యి. వాసనే సగం చదువు.’

మొదటి ఊట పులిసి పాడైంది. ‘నేరస్థురాలిలో పశ్చాత్తాపము ముందే ప్రవేశించినందున నైపుణ్యము సన్నగిల్లినది’ అని ఓబులేసు నివేదిక రాశాడు. రెండోది మాడింది. మూడోదానికి వెంగమ్మ పంతం పట్టింది. కూతురికి ఎనిమిదోనెల వచ్చింది మరి. పసిబిడ్డ ఒంటికి నీళ్ల వేడి చూసే చెయ్యి అది. మోచేయి ముంచి ఊట వేడి కనిపెట్టింది, చెవి ఆనించి కుండ చప్పుడు కనిపెట్టింది. సింగయ్య నాలుకమీద చుక్క వేసుకుని, భుజాన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

‘ఇంక నేను మానేస్తే మంచిదేమో’ అన్నాడు.

ఇనస్పెక్టరు స్వయంగా వచ్చి శాఖాపరంగా రుచి చూశారు. ఒకసారి చూస్తే నిర్ధారణ కాదని మళ్లీ చూశారు. మిగిలిన సరుకును నిబంధనల ప్రకారం సిబ్బంది అక్కడికక్కడే ధ్వంసం చేశారు. ధ్వంసం చేసినవాళ్లలో ఇద్దరిని జీపులో పడుకోబెట్టి తీసుకుపోవలసి వచ్చింది. ధ్రువపత్రంలో ఆమె నైపుణ్యం ‘అత్యుత్తమం’ అని పడింది.

మూడోసారి తెర ముందు వెంగమ్మ బడిపంతులులా చెప్పింది. దుబాసీ అమ్మాయి తర్జుమా చెయ్యలేక మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంది. తుమ్మచెక్క ఏ వయసు చెట్టుదయితే మంచిదో అధికారి రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

‘ఇప్పుడు ఆ పని తలచుకొన్నచో మీకు ఏమి అనిపించును?’

‘ఎందుకు నేర్చుకున్నానా అనిపిస్తందమ్మా’ అంది వెంగమ్మ. కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. పొగకు ఆమె కళ్లు నెల్నాళ్లుగా అట్లానే ఉన్నాయి.

ఇంత నికార్సయిన పశ్చాత్తాపాన్ని తమ ఉద్యోగకాలంలో చూడలేదని అధికారివర్యులు సెలవిచ్చారు. ఆమె మారింది. రావచ్చు. వీసా ముద్ర పడేదాకా కొత్త నేరం చెయ్యకుండా ఉంటే చాలు.

అది మిరప కోతల కాలం. ఊళ్లో మనిషి ఇంట్లో ఉంటే ఒట్టు. వెంగమ్మ ఆముదం సీసా, సాంబ్రాణి, వసకొమ్ము, పాతచీరల మెత్తటి గుడ్డలు సంచిలో సర్దుకుంటోంది. నెల ఆఖరు. ఓబులేసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముప్పయ్యో తారీఖున అతని మొహం ఎట్లా ఉంటుందో ఊరందరికీ తెలుసు.

‘అక్కా, ఒకటి తక్కువైంది.’

‘ఎవరిది వంతు?’

‘నాగరత్తమ్మక్కది. కోడలికి నొప్పులంట, ఆసుపత్రిలో ఉంది.’

‘పాపం, అట్టాగా. ఉండు, చింతపండు తెచ్చుకుంటా.’

ఆ మాట ఆమె నోటినుంచి ఎట్లా వచ్చిందంటే, తుమ్ము ఎట్లా వస్తుందో అట్లాగే వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. ఓబులేసుకూ అంతే. తాను వెంటపోయి ఒప్పించిన పశ్చాత్తాపం అతనికీ జ్ఞాపకం రాలేదు. కోర్టులో ‘ఒప్పుకుంటన్నానయ్యా’ అని, బల్లమీద కూర్చుని, సగం చింతపండుకు గింజ తీశాక వెంగమ్మ చెయ్యి ఆగిపోయింది.

‘ఒరే ఓబులేసూ.’

ఓబులేసు తినబోతున్న పూరీ కిందపెట్టాడు.

చూపించడానికి వేరే సరుకేదీ చేతికందక, ఆ రోజు కోర్టులో పెట్టింది ప్రదర్శనాత్మక బట్టీ కుండలనే. వాటిలో సారా కాచింది వెంగమ్మే గనుక, ఆమె మీద ఉన్న అన్ని కేసుల్లోకీ నిజమైనది అదొక్కటే అయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాగరత్తమ్మ వెంగమ్మ చేను శుభ్రంగా కోసి, కాయలు కళ్లంలో ఆరబోసి, గేదెకు గడ్డేసి పోయింది. కోడలు ఆసుపత్రిలో ఉన్నా ధర్మం తప్పలేదు. పోతూపోతూ కరివేపాకు రెబ్బ కూడా గుమ్మంలో పెట్టిపోయింది.

ఆ వారంలోనే మల్లీశ్వరికి ఆడపిల్ల పుట్టింది, చెప్పిన రోజుకన్నా ముందే. ఫోన్లో చూపించింది. అల్లుడు బిడ్డను గాజుబుడ్డిని పట్టుకున్నట్టు రెండు చేతులా దూరంగా పట్టుకుని, నీళ్లతొట్టి ముందు నిలబడి చెమటలు కక్కుతున్నాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

‘పురుడు పోసే నర్సువే, నీళ్లు పొయ్యటం రాదంటే?’

‘కోసిన చోట నొప్పమ్మా, వంగలేకపోతన్నా. నువ్వెప్పుడొస్తావు?’

వెంగమ్మ ఫోను తువ్వాలుతో తుడిచి పక్కన పెట్టింది.

నాలుగోసారి తెర వెలిగినప్పుడు మల్లీశ్వరి కూడా ఇంకో గడిలో ఉంది, ఒళ్లో బిడ్డతో. దరఖాస్తుదారు హాజరు కావాలని రూలట. ఓబులేసు గదిలోకి రాలేదు. గుమ్మం అవతలే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

అధికారి కోపంగా లేడు. బాధగా ఉన్నాడు. కాగితం చూసి చాలాసేపు చదివాడు. దుబాసీ పిల్ల చెప్పుకొచ్చింది.

‘మీ పరివర్తన సంపూర్ణమని మేము ధ్రువీకరించిన కొలది దినములకే మీరు పదునైదవ నేరము చేసితిరి. ఇది మీ వలన మా విభాగపు విశ్వసనీయతకు కలిగిన గాయము.’

‘అంతకుముందువన్నీ చెయ్యలేదంటే మీరే కుదరదంటిరి గదమ్మా. ఇది మీకోసం నేర్చుకుని చేసిందే.’

‘నేర్చుకొనుమని మేము కోరలేదు. నేర్చుకొనియుండవలెనని మాత్రమే కోరితిమి. మా నిబంధనలలో ఈ రెండింటికి వ్యత్యాసము కలదు. కావున మీ దరఖాస్తును తిరస్కరించుటకు మేము చింతించుచున్నాము. మీరు మరల పశ్చాత్తాపము ప్రారంభించి ఐదు సంవత్సరముల పిమ్మట రావచ్చును. చివరిగా మీరు చెప్పదలచినది ఏమైనను ఉన్నదా?’

మల్లీశ్వరి ఏదో చెప్పబోయింది. బిడ్డ ఏడుపులో అది ఎవరికీ వినపడలేదు. వెంగమ్మ తెరకు దగ్గరగా వంగి అధికారి మొహంలోకి చూసింది. గులాబీరంగే గానీ, ఆ మొహం ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ ముప్పయ్యో తారీఖున తన గుమ్మంలో నిలబడిన మొహమే అది.

‘అమ్మాయ్, ఆ బాబుని ఒక్క మాట అడుగు. నెలకు ఎంతమంది కాగితాలు కొట్టెయ్యాలని ఆయనకు పైనుంచి లెక్కొస్తది?’

దుబాసీ పిల్ల తటపటాయించి అడిగింది. అధికారి చొక్కా గుండీ సవరించుకున్నాడు. కాగితం తిరగేశాడు.

‘అది విభాగపు అంతర్గత విషయమని వారు సెలవిచ్చుచున్నారు.’

‘అదీ సంగతి. ఒకటి తక్కువైనట్టుంది’ అంది వెంగమ్మ, కొంగు దోపుకుంటూ. ‘సరే, నా పేరే రాసుకోమను, నాకు అలవాటే. కాకపోతే మా ఊళ్లో ఒక పద్ధతుంది తల్లీ. పేరిచ్చినోళ్ల పని ఆగకూడదు. రేపు పొద్దున్నే నా మనవరాలికి నీళ్లు పొయ్యాల. ఆయనే వస్తాడా, ఇంకెవర్నన్నా పంపిస్తాడా, కనుక్కో.’